మొదటి నమస్కారము ఎవరికి?

చదువుకొనవలసిన వాక్యభాగములు: యాకోబు 2:1-9; 1 కొరింథీయులకు 12:22-26; అపొస్తలుల కార్యములు 16:25-28



మన గ్రామ సంఘములలో పాటలేని కూటము లేదు. క్రిస్మసు పండుగైనను, కోతపండుగైనను, పెండ్లియైనను, భూస్థాపనయైనను, ముందు పాట, తరువాతనే ప్రార్థన. హార్మోనియము లేకున్న కంజిర, అదియు లేకున్న తాళములు, అవియు లేకున్న మన రెండు చేతులే తాళము. 1803లో జన్మించి 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను అక్షరమురాని మన తల్లులు ఎందరో కంఠస్థముగా పాడుచు వచ్చిరి. చదువు రానివారికి పాటయే వారి చేతిలోని గ్రంథము. అట్టి మనము ఒక చిన్న ప్రశ్నను ఈ నెల ఆలోచింతము. పాట నడిపించువాడు పదిమంది యెదుట నిలిచినప్పుడు, వినువారిలో ఎవరివైపు చూడవలెను?

"దేవునివైపే చూడవలెను, మనుష్యులతో పనియేమి?" అని కొందరు వెంటనే చెప్పుదురు. అది మంచి మాటయే గాని, చాల సులభమైన మాట. ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో (5:19) అపొస్తలుడు పాటనుగూర్చి చెప్పుచు రెండు సంగతులను ఒకే ఊపిరిలో చెప్పుచున్నాడు. కీర్తనలతో ఒకరినొకరు హెచ్చరించుకొనుడనుచున్నాడు, హృదయములలో ప్రభువునకు పాడుడనుచున్నాడు. పాట పైకి పోవలెను, ప్రక్కకును పోవలెను. ప్రక్కవానికి చేరని పాట పైకి చేరినదని చెప్పుకొనుట, తన సహోదరుని ప్రేమింపక దేవుని ప్రేమించుచున్నానని చెప్పుకొనుట వంటిదే.

మన పల్లెలలో కథ చెప్పు అవ్వ, మనుమడు "ఊ" కొట్టనిదే తరువాతి మాట చెప్పదు. బుర్రకథలో కథకునికి ఇరుప్రక్కల వంతపాడువారు లేకున్న కథ నడువదు. చెప్పువానికి వినువాడు కావలెను. వినువాని కన్నులలో ఒక మెరుపు, వాని తల ఒక ఊపు, వాని వ్రేళ్లలో ఒక తాళము, ఇవి పాడువానికి అందినప్పుడు పాటకు ప్రాణము వచ్చును. ఆ క్షణము చిన్నది. లెక్కపుస్తకములో ఎవరును దానిని వ్రాయరు. అయినను ఆ చిన్న క్షణములో మన హృదయములోనిది బయటపడును. నా అనుభవమొకటి చెప్పెదను. అది నా గొప్పతనమును చెప్పునది కాదు.

చాల సంవత్సరముల క్రిందట నేనొక సంఘములో పాటలు నడిపించుచుంటిని. హార్మోనియము నేర్చుకొని రెండేండ్లైనది. కొత్త వరుసలు నేర్చుకొంటిననెడి కొంచెము గర్వముకూడ నాలో నుండెను. క్రిస్మసు సాయంకాలమున బడినుండి కుర్చీలు తెప్పించి ముందు వేసితిమి. ఊరి పెద్దలును, పిలువబడిన ఉద్యోగస్థులును వాటిమీద కూర్చుండిరి. పిల్లలును స్త్రీలును తాటాకు చాపలమీద కూర్చుండిరి. చోటు చాలక ముసలివారు గుమ్మమువద్దను అరుగుమీదను సర్దుకొనిరి. గుమ్మమునకు ఆనుకొని ఒక అవ్వ యుండెను. నాట్లకు, కలుపులకు, కోతలకు పోయి బ్రదికిన మనిషి. ప్రతి ఆదివారము ఆమె చోటు అదే.

నేను ఆ రాత్రి ఒక పాత కీర్తనను కొత్త వరుసలో ఎత్తుకొంటిని. అవ్వకు పాత వరుసయే వచ్చును. ఆమె గొంతు పెద్దది. నా వరుస ఒకదారి, ఆమె వరుస ఒకదారి పోవుచుండెను. కుర్చీలలోనివారు ఒకరినొకరు చూచుకొనిరి. నేను హార్మోనియము ఆపి, నవ్వుచునే, "అవ్వా, నువ్వు కాసేపు ఊరుకో, వింటే చాలు" అంటిని. కుర్చీలలో నవ్వు పుట్టెను. అవ్వ కొంగు నోటికడ్డము పెట్టుకొనెను. పాట చక్కగా సాగెను. అందరు మెచ్చుకొనిరి.

తరువాతి ఆదివారములలోను అవ్వ వచ్చెను, గుమ్మమువద్దనే కూర్చుండెను, కాని నోరు తెరువలేదు. నేను దానిని గమనించి, "సంఘములో క్రమము వచ్చినది" అనుకొంటిని. ఆరు నెలలు అట్లే అనుకొంటిని. ఈ సంగతిని ఇక్కడ ఆపి, మరియొక గాయకురాలినిగూర్చి చెప్పెదను. ఆమెను చదివిన తరువాతనే నేను చేసినది ఏమిటో నాకు స్పష్టముగా తెలిసెను.

అమెరికా దేశమున ఫిలడెల్ఫియా పట్టణములో 1897లో మరియన్ ఆండర్సన్ అను నల్లజాతి స్త్రీ పుట్టెను. తండ్రి మంచుగడ్డలును బొగ్గును అమ్మి కుటుంబమును పోషించెను. ఆమె ఇంకను చిన్నదిగా నుండగనే ఆయన చనిపోయెను. తల్లి ఇతరుల బట్టలుతికి, ఇతరుల భవనములు తుడిచి పిల్లలను పెంచెను. ఆ బిడ్డ ఆరేండ్ల వయస్సుననే తమ బాప్టిస్టు సంఘపు పిల్లల గాయకబృందములో పాడసాగెను. సంగీత పాఠశాలలో చేరబోగా రంగును చూచి త్రోసివేసిరి. అప్పుడు ఆమెకు చదువు చెప్పించుటకు సంఘస్థులే చిల్లర కూడబెట్టి ధనము పోగుచేసిరి. మన తల్లులు పొయ్యిమీదికి ఎసరు పెట్టకముందు పిడికెడు బియ్యము ప్రభువుకొరకు తీసిపెట్టుట మనకు తెలియును గదా. అట్టి పిడికెళ్లతోనే ఆ కంఠము పెరిగినది.

1924లో ఆమె న్యూయార్కు నగరములో ఒక పెద్ద శాలలో పాడెను. శాల నిండినదని ఎవరో ఆమెకు చెప్పిరి. తెర దాటి వచ్చి చూడగా అక్కడొకరు ఇక్కడొకరు కూర్చుండియుండిరి. ఆమె ధైర్యము జారిపోయెను. మరునాడు పత్రికలు తప్పులు పట్టెను. ఇక పాడుట మానివేయుదుననుకొని ఇంటికి చేరి చాలకాలము కృంగియుండెను. తల్లి ఆమెను తొందరపెట్టక, ప్రార్థించుచు ఓర్పుతో కనిపెట్టెను. కొంతకాలమునకు ఆమె మరల పాడసాగెను. వినువారి చోట్లు ఖాళీగా నుండుట పాడువారి హృదయమును ఎంత గాయపరచునో దీనివలన మనకు తెలియుచున్నది. వినుటకు వచ్చి కూర్చుండుటకూడ ఒక దానమే.

1939లో వాషింగ్టను నగరములోని ఒక పెద్ద శాలను ఆమె పాటకచేరికొరకు అడుగగా, దాని స్వంతదారులగు స్త్రీల సంఘము ఇయ్యలేదు. ఆ శాలలో తెల్లవారు మాత్రమే పాడవలెనని వారి నియమము. అప్పటి రాష్ట్రపతి భార్యయగు శ్రీమతి ఎలినార్ రూజ్‌వెల్టు ఆ సంఘమునకు రాజీనామా ఇచ్చెను. అంతట ఏప్రిల్ 9వ తేదీన, ఈస్టరు ఆదివారమున, అబ్రాహాము లింకను స్మారకమందిరపు మెట్లమీద, ఆకాశము క్రింద ఆమె పాడెను. 75,000 మంది, నల్లవారును తెల్లవారును, కలిసి నిలిచి వినిరి. లక్షలాది జనులు రేడియోలో వినిరి. పాడుటకు లేచినప్పుడు గొంతు పట్టుకొనిపోయి మాట రాదేమోనని భయపడితిననియు, ఆ జనసమూహమునుండి సద్భావము ఒక పెద్ద అలవలె తనను ముంచెత్తినట్లు తోచెననియు ఆమె 1956లో వెలువడిన తన ఆత్మకథలో వ్రాసికొనెను. చూచితిరా, అంతటి గాయకురాలు కూడ వినువారి బలముచేతనే నిలువబడెను.

అయితే నా మనస్సును పట్టుకొన్నది ఈ గొప్ప దినము కాదు, ఒక చిన్న అలవాటు. ఆ దేశపు దక్షిణ రాష్ట్రములలో అప్పుడు నల్లవారిని శాలలో వేరుగా కూర్చుండబెట్టెడివారు. మరియన్ ఆండర్సన్ అట్టి శాలలలో పాడవలసి వచ్చినప్పుడు, ముందువరుసలు మొదలుకొని ప్రతి భాగములోను నల్లవారికికూడ చోట్లు ఇయ్యవలెనని పట్టుపట్టెను. వేదికమీదికి వచ్చినప్పుడు మొదట తనవారు కూర్చున్న వైపు తిరిగి వంగి నమస్కరించెడిది. ఆ తరువాతనే శాలలోని అందరికిని నమస్కరించెడిది. ఉపన్యాసము లేదు, ఎవరిని నిందించుట లేదు. ఒక్క క్షణము, ఒక్క వంగుట. 1950వ దశాబ్దము మొదలుకొని అట్లు వేరుపరచు శాలలలో పాడుటయే మానుకొనెను.

ఇచ్చట మన ప్రశ్న కఠినమగుచున్నది. యాకోబుగారు తన పత్రిక రెండవ అధ్యాయములో పక్షపాతము పాపమని స్పష్టముగా చెప్పుచున్నారు. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి మంచి చోటు, మురికి బట్టలవానికి పాదపీఠమువద్ద చోటు ఇచ్చిన సంఘమును ఆయన గద్దించుచున్నారు. అట్లయిన, నల్లవారికి ముందుగా నమస్కరించుటయు పక్షపాతమే కాదా? ధనికుని పక్షము తప్పైనప్పుడు దరిద్రుని పక్షము మాత్రము ఒప్పగునా? లేవీయకాండము 19:15లో బీదవానియెడల సహితము తీర్పులో పక్షపాతము చూపకూడదని ఆజ్ఞ యున్నది. ఈ ప్రశ్నను తేలికగా దాటరాదు.

నాకు తోచినది చెప్పెదను. తీర్పు వేరు, ఘనపరచుట వేరు. న్యాయస్థానమున త్రాసు సమముగా నుండవలెను. అందులో బీదవాడని మొగ్గరాదు, ధనికుడని మొగ్గరాదు. కాని త్రాసు ముందే ఒక ప్రక్కకు వంగియున్నప్పుడు, పైకి లేచిన తట్టలో బరువు వేయుట పక్షపాతము కాదు, త్రాసును సరిచేయుట. ఒక మర్యాద పక్షపాతమగునో కాదో తెలిసికొనుటకు రెండు సంగతులు అడుగవలెను. దానివలన నాకు లాభమేమైన రానున్నదా? దానివలన మరియొకనికి రావలసినది తగ్గిపోవుచున్నదా? యాకోబు చెప్పిన సంఘము లాభమాశించి ధనికుని పైకెక్కించెను, దరిద్రుని క్రిందికి దించెను. ఈ గాయకురాలి నమస్కారమువలన ఆమెకు లాభము లేదు. టిక్కెట్టు కొన్న ధనికులకు కోపము రావచ్చును. అయినను వారికి రావలసిన నమస్కారము తగ్గలేదు, ఒక్క క్షణము ఆలస్యముగా అందరితో కలిసి వారికిని అందెను.

పౌలుగారు కొరింథీయులకు వ్రాయుచు, దేవుడు శరీరములో తక్కువదానికే ఎక్కువ ఘనత కలుగజేసి దానిని అమర్చెనని చెప్పిరి. ఎందుకు? శరీరములో వివాదము లేకుండునట్లు. గురి గమనించుడి. తక్కువవానిని ఎక్కువ చేయుట గురి కాదు, శరీరము ఒకటిగా నుండుట గురి. మొదటి నమస్కారము రెండవ నమస్కారమునకు దారి తీయవలెను. దారి తీయకున్న అదియు మరియొక గోడ యగును.

లింకను మందిరపు మెట్లమీద ఆమె మొదట పాడినది తన దేశమునుగూర్చిన ఒక పాట. అందులో "నేను" అని యుండవలసిన ఒకచోట ఆమె బహువచనము పలికెను. తననుగూర్చి చెప్పునప్పుడుకూడ ఆమె అట్లే మాటలాడెడిది. ఇంగ్లీషులో ఆ మాట ఒక్కటే. మన తెలుగులో రెండున్నవి: "మేము" ఒకటి, "మనము" ఒకటి. "మేము" అన్నప్పుడు వినువాడు బయట నుండును. "మనము" అన్నప్పుడు వినువాడు లోపలికి వచ్చును. ఆమె ఏ అర్థముతో పలికెనో నేను చెప్పలేను. తన జనులకు మొదట నమస్కరించినప్పుడు అది "మేము". ఆ తరువాత శాలయంతటికి నమస్కరించినప్పుడు అది "మనము". రెండును కావలెను, ఆ క్రమములోనే కావలెను. త్రోసివేయబడినవానిని బయటనే యుంచి "మనము" అనుట అబద్ధము.

ఇక నా సంగతి చూడుడి. క్రిస్మసు రాత్రి నేను "మనమందరము పాడుదము" అని మొదలుపెట్టితిని. తరువాత అవ్వను ఊరకుండుమంటిని. నోటితో "మనము" అంటిని, చేతితో "మేము" అంటిని. కుర్చీలకు మొదటి నమస్కారము చేసితిని, గుమ్మమునకు చేయనేలేదు.

మన ప్రభువు ఇట్లు చేయలేదు. జనసమూహము ఆయనమీద పడుచుండగా, వెనుకనుండి వచ్చి వస్త్రము ముట్టిన ఒక్క రోగిష్ఠురాలికొరకు ఆయన నిలిచిపోయెను (మార్కు 5:30). గుంపు తగులుట వేరు, ఒకతె ముట్టుట వేరని ఆయనకు తెలిసెను. యాయీరు వంటి పెద్దమనుష్యుడు తొందరలో నుండెను, అతని కుమార్తె చావ సిద్ధముగా నుండెను. అయినను ఆయన ఆమెను వెదకి చూచెను. వేలమందిలో ఒకరిని ఎరుగుట చిన్నపని యని మనము తలంచుదుము. సువార్తలో అది చిన్నపని కాదు.

వినువారికిని ఒక హెచ్చరిక కలదు. యెహెజ్కేలు ప్రవక్త కాలపు జనులు అతని మాటలను మధురమైన పాటవలె వినిరి గాని, వాటిని చేయలేదని 33వ అధ్యాయములో నున్నది. సౌలు దావీదు వాయించిన సితారావలన ఒకప్పుడు నెమ్మది పొందెను. మరియొకప్పుడు అదే చేయి వాయించుచుండగా ఈటె విసరెను. కాబట్టి హృదయము కదలుటయే చాలదు. పాట మంచిదైనను వినువాడు తలుపు మూసికొనగలడు. ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలలు నడిరేయి పాడుచుండగా ఖైదీలు వినుచుండిరని లూకాగారు ఒక చిన్నమాట వ్రాసిరి. భూమి కంపించి తలుపులన్నియు తెరువబడిన తరువాత ఒక్కడైనను పారిపోలేదు. ఎందుకు పోలేదో వ్రాయబడలేదు. చీకటిలో ముఖములు కానరాకయే, ఆ పాటవలన పాడినవారును వినినవారును "మనము" అయిరేమో యని నాకు తోచుచుండును.

ఇప్పుడు అవ్వ సంగతి ముగించెదను. వర్షాకాలమున ఆమె జబ్బుపడి మంచమెక్కెను. సంఘకాపరియగు అయ్యగారు ప్రార్థనకు పోవుచు నన్నును రమ్మనిరి. వానకు హార్మోనియము తేలేదు. లాంతరు వెలుతురులో ఆమె గోడవైపు తిరిగి పండుకొనియుండెను. నేను ఆ కీర్తననే నా కొత్త వరుసలో ఎత్తుకొంటిని. రెండవ చరణములో మాట మరచిపోతిని. పుస్తకము లేదు. అయ్యగారికిని అందలేదు. ఇల్లు నిశ్శబ్దమయ్యెను. అప్పుడు గోడవైపునుండి సన్నని గొంతు ఆ మాట అందుకొనెను, పాత వరుసలో. నేను ఆమె వెంట పాడితిని. నులకమంచపు పట్టెమీద ఆమె వ్రేళ్లు తాళము వేయుచుండెను. పాట అయిన తరువాత, "మా అమ్మ నాట్లేసేటప్పుడు పాడేది, నాకు ఆ వరుసే వచ్చు" అనెను.

"అవ్వా, ఆ రాత్రి నిన్ను ఊరుకోమన్నాను, తప్పు నాది" అంటిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఆ రోజు కాడినుంచి లోపలే పాడుకుంటన్నా, నాయనా" అనెను. ఇంకేమియు అనలేదు. క్షమించితినని చెప్పలేదు, నేను మరల అడుగలేదు. నా చేయి పట్టుకొనగా మాత్రము విడిపించుకొనలేదు.

ఆ యేడు కోతలకు ముందే ఆమెను భూస్థాపన చేసితిమి. పాట నేనే నడిపించితిని. ఆమె వరుసలోనే పాడితిమి. అరుగుమీది ముసలివారందరు గొంతెత్తి పాడిరి. వారందరికి ఆ వరుసయే వచ్చునని నాకు ఆ దినమున తెలిసెను.

కాబట్టి ప్రియులారా, వచ్చు ఆదివారము పాట ఎత్తుకొనకముందు ఒక్క క్షణము గుమ్మమువైపు చూడుడి. ఎవరు నిలువబడియున్నారు? ఎవరి పెదవులు కదలుట మానినవి? వారివైపు తల వంచి మొదలుపెట్టుడి. వినువారలారా, మీరును పాడువాని వైపు ఊరక చూడక, వాని తప్పునకు నవ్వక, మరచిన మాట అందించుడి. కుర్చీలు వేయుట తప్పని నేననను, అతిథులను గౌరవింపవలసినదే. కుర్చీలు చాపలను మరుగుచేయకుండ చూచుకొనుడి.

మరియన్ ఆండర్సన్ 1955లో న్యూయార్కులోని మెట్రొపాలిటన్ ఆపెరా శాలలో ఒక పాత్ర ధరించి పాడిన మొదటి నల్లజాతి గాయకురాలయ్యెను. తెర లేవగానే, ఆమె ఒక్క స్వరమైనను పలుకకముందే జనులు చప్పట్లు కొట్టుచు చాలసేపు నిలువలేదు. 1957లో మన దేశమునకు వచ్చి, ఢిల్లీలో గాంధీజీ స్మారకమువద్ద ఒక క్రైస్తవ కీర్తన పాడెను. 1993లో 96 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. మా అవ్వ పేరు ఏ పుస్తకములోను లేదు. అయితే లోపల పాడుకొన్న పాటనుకూడ వినువాడొకడు ఉన్నాడు. ఆయన ఎదుట నిలుచునాడు, ఎవరి నోరు మూయించితివని మనలను అడుగకుండునట్లు ఇప్పుడే సరిచేసికొందము.

ప్రార్థన: ప్రభువా, గుంపులో ఒకతె ముట్టుటను ఎరిగినవాడా, మా పాటలలోని గర్వమును క్షమించుము. మేము ఊరకుండుమన్నవారి గొంతులను మరల మా మధ్య వినిపింపజేయుము. నీ సన్నిధిలో మమ్మును ఒకే పాటగా చేయుము. ఆమేన్.